నాదం ఆగేలోపు

నేను ఒక కంచు గంటను. ఊరంతా వినబడే గంటను కాను. చిన్న టేకు చట్రానికి వేలాడుతూ బల్ల మీద ఒదిగి ఉండే రకం. పక్కనే ఒక కొయ్య సుత్తి. దానితో ఒకసారి తడితే చాలు, చాలాసేపు మోగుతాను. నా బతుకులోని మంచి అయినా చెడు అయినా ఆ చాలాసేపులోనే ఉంది.

శ్రీకాకుళం వైపు ఒక కంచరి వీధిలో, రాగీ తగరమూ కలిసి కరిగిన ముద్ద మట్టి అచ్చులోకి దిగితే పుట్టాను. నన్ను పోసిన కంచరి అప్పన్న ఒక భజన మందిరం వారి కోసం పోశాడు. పెద్దలు నలుగురు వచ్చి తట్టి చూసి పెదవి విరిచారు. "దీని గొంతు సన్నం అప్పన్నా. మద్దెల మీద దెబ్బ పడితే ఇది ఇనబడదు" అన్నారు. అప్పన్న నొచ్చుకున్నాడు. "గొంతు సన్నమే బాబూ, ఊపిరి సూడండి. ఒక్కపాలి కొట్టి ఒగ్గేసి సూడండి" అన్నాడు. వాళ్లకు ఊపిరితో పని లేదు. వెళ్లిపోయారు.

అలా దేవుడి దగ్గరికి వెళ్లవలసిన దాన్ని శాస్త్రవేత్తల చేతికి చిక్కాను. అయితే ఒక మాట చెప్పాలి. తర్వాతి కాలంలో భక్తి అనేదాన్ని నేను ఈ రెండో చోటే ఎక్కువగా చూశాను.

ఆ వీధిలో బావుల నీటిమట్టం కొలవడానికి వచ్చిన కాలేజీ అధ్యాపకుడు అయ్యగారి నరసింగరావు నన్ను కొన్నాడు. తట్టి, కళ్లు మూసుకుని, నాదం పూర్తిగా ఆగేదాకా విన్నాడు. అంతసేపు నన్ను విన్న మొదటి మనిషి ఆయనే. ఆయన అప్పుడే విశాఖపట్నంలో పదిమందిని కూడగట్టి ఉత్తర కోస్తా భూగర్భజల శాస్త్ర సంఘం అని ఒకటి పెట్టాడు. బావులు, బోర్లు, చెరువులు, నేల లోపలి నీరు, ఇవి వాళ్ల చదువు. అందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. సంఘం పని తీరిక వేళల్లో చేసేది. అధ్యక్షుడికీ కార్యదర్శికీ జీతం లేదు, గది లేదు, బంట్రోతు లేడు. సంఘం ఆస్తి మొత్తం ఒక గోనెగుడ్డ సంచిలో పట్టేది: ఒక బ్యానరు, ఒక రబ్బరు ముద్ర, బావులు కొలిచే టేపు, నేను. ఆ సంచి ఎప్పుడూ కార్యదర్శి ఇంట్లో ఉండాలి. కార్యదర్శి మారితే నా కాపురం మారేది. బీరువాలో పట్టుచీరల కింద పడుకున్నాను. బియ్యం డబ్బా వెనక పడుకున్నాను. ఒక కార్యదర్శి గారి భార్య పిల్లల్ని అన్నానికి పిలవడానికి నన్ను వాడుకుంది. ఆ ఇంట్లో నా మాట విన్నంత వేగంగా తర్వాత ఎక్కడా ఎవరూ వినలేదు.

సంఘం తొలి సమావేశంలో ఒక పెద్ద చర్చ జరిగింది. విరామంలో కాఫీ ఇవ్వాలా, టీ ఇవ్వాలా అని. భూమి పొరల గురించి ఒక్క వాక్యంలో ఒప్పందానికి వచ్చినవాళ్లు దీని దగ్గర ఆగిపోయారు. చివరికి నరసింగరావు విసుగ్గా నవ్వి, "టీ అని ప్రతిపాదిస్తున్నాను. గంట కొడతాను. నాదం ఆగేలోపు అభ్యంతరం ఉన్నవాళ్లు లేవండి. ఎవరూ లేవకపోతే అందరూ ఒప్పుకున్నట్టే" అన్నాడు. సుత్తి పడింది. అందరూ నవ్వుతూ చెవులు రిక్కించి విన్నారు. ఎవరూ లేవలేదు. టీ వచ్చింది.

ఆ పద్ధతి వాళ్లకు నచ్చింది. తర్వాతి సమావేశం ఎక్కడ పెట్టాలో నాదంతోనే తేలింది. ఆ తర్వాత జమాఖర్చులు, ఆ పైన కార్యవర్గం, చివరికి అధ్యక్షుడి ఎన్నిక. సుత్తి పడుతుంది, నేను మోగుతాను, ఎవరూ లేవరు, మర్నాడు పత్రికలో 'ఏకగ్రీవం' అని వస్తుంది. నరసింగరావు పోయాడు. పద్ధతి పోలేదు. అది టీ కోసం పుట్టిందన్న సంగతి గుర్తున్నవాళ్లు కూడా ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఫలానా బావి నీళ్లు తాగితే జబ్బులు పోతాయంటే పరీక్షకు పెట్టి తప్పని తేల్చిన మనుషులు వీళ్లు. నీళ్లు పడే చోటు చూపిస్తానని వేపపుల్ల పట్టుకుని తిరిగేవాణ్ణి నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించిన మనుషులు. నా నాదాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

భయం వల్ల అనుకోకండి. లేచి మాట్లాడినవాడికే ఆ పని అప్పగించడం సంఘంలో ఆనవాయితీ. 'భోజనాలు బాగాలేవు' అన్నవాడు మరుసటి ఏడు భోజనాల కన్వీనరు. కుర్రవాడెవడైనా లేవబోతే పక్కనున్న పట్నాయక్ మాస్టారు చొక్కా పట్టుకుని లాగేవాడు. ఆయన కాలేజీలో పనిచేసి రిటైరైనవాడు, సంఘంలో అందరికంటే పాత సభ్యుడు. "కూర్చోవయ్యా బాబూ. లేస్తే సబ్‌కమిటీ వేస్తారు, అందులో నువ్వొక్కడివే ఉంటావు" అనేవాడు. నవ్వులు. ఈలోగా నా నాదం ఆగిపోయేది.

డాక్టర్ తంగి కృష్ణమూర్తి అలాంటి నాదాల మీదనే ఏళ్ల తరబడి అధ్యక్షుడిగా ఉన్నాడు. పదవి కోసం పాకులాడిన మనిషి కాదు. ప్రతి ఏడూ "ఈసారి నన్ను వదిలెయ్యండి" అనేవాడు. ఆ మాట అన్నాక ఎవరైనా లేస్తారేమోనని నిజంగానే చూసేవాడు. ఎవరూ లేవకపోతే తన ఎన్నికకు తనే సుత్తి అందుకునేవాడు. అప్పుడు ఆయన చెయ్యి బరువుగా ఉండేది. అది నాకు తెలుసు, దెబ్బ నాకే కదా తగిలేది.

ఆయన శిష్యురాలు డాక్టర్ గొర్లె భానుమతి కార్యదర్శి. ఆయన దగ్గరే పరిశోధన చేసింది. ఆమెను సంఘంలోకి తెచ్చిందీ, సంచి చేతిలో పెట్టిందీ ఆయనే. సంఘం నిబంధన ఒకటి ఉంది. సంఘం పేరుతో ఏ అభిప్రాయం బయటికి పోవాలన్నా సభ ఒప్పుకోవాలి, కింద కార్యదర్శి సంతకం ఉండాలి. సభ ఒప్పుకోవడమంటే నేను మోగడం. అందుచేత ఆ సంతకం గురించి అంతవరకు ఎవరూ ఆలోచించలేదు.

సంఘానికి గొప్ప పేరు తెచ్చినవి దాని బావుల లెక్కలు. తీరం పొడవునా కొన్ని బావులను ఎంచుకుని ఏటా నీటిమట్టం కొలిచి నమోదు చేస్తారు. కొలిచేది సభ్యులే, తమ ఖర్చుతో, తమ తీరికలో. తీరిక దొరికేది దసరా సెలవుల్లో. వేసవిలో అయితే జవాబుపత్రాలు దిద్దాలి, పిల్లల ప్రవేశ పరీక్షలు, ఎండలు. దసరాకి మాత్రం జీపులు కట్టుకుని, పులిహోర పొట్లాలతో, పాటలు పాడుకుంటూ వెళ్లేవారు. అప్పటికి వానలు పడి ఉంటాయి. బావుల్లో నీళ్లు చేతికి అందుతూ ఉంటాయి. ఏటా అదే వేళకు కొలవడం చేత లెక్కలు ఒకదానితో ఒకటి చక్కగా పోల్చుకోవచ్చు, అది శాస్త్రీయం అని చెప్పుకునేవారు. పోల్చుకోవచ్చు, నిజమే. నిండుగా ఉన్నప్పటి బావిని నిండుగా ఉన్నప్పటి బావితో.

ఒక దసరాకి భానుమతి వెళ్లలేకపోయింది. భర్తకు ఆపరేషను. ఆమె వంతు బావులు నూకవానిపాలెంలో ఉన్నాయి, సముద్రం పక్క చేపలు పట్టేవాళ్ల ఊరు. లెక్కల పట్టికలో ఆ గడులు ఖాళీగా మిగిలాయి. అటూ ఇటూ ఉన్న బావుల సగటు వేసెయ్యమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆమె వెయ్యలేదు. కొలవని దాన్ని కొలిచినట్టు రాయడం ఆమెకు చేతకాదు. తీరిక చిక్కింది మే నెలలో. టేపు ఉన్నది నా సంచిలోనే గనక నేనూ వెళ్లాను.

బావి దగ్గర మైలపల్లి ఎర్రమ్మ అనే ఆమె బట్టలు పిండుతోంది. భానుమతిని చూసి నవ్వింది.

"పండక్కి వచ్చేవోలు గదేటమ్మా మీరు. ఎండల్లో వచ్చినారేటి, తోవ తప్పిపోనారా?"

"పండక్కి రాలేకపోయానమ్మా. అందుకని ఇప్పుడొచ్చాను."

"రండి, రండి. పులోర పొట్లం తెచ్చినారా, నేదా?"

టేపు దిగింది. దిగుతూనే పోయింది. భానుమతి బకెట్టు వేసి నీళ్లు తోడి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. ఉప్పు.

"ఎప్పట్నించి ఇలా ఉన్నాయి?"

"ఎండలొస్తే అంతేనమ్మా. వానలు పడ్డాక మల్లీ తీపి నీల్లే. అంతదాకా పైనూరు ఎల్లి మోసుకొస్తాం."

భానుమతి ఆ ఊళ్లోని మిగతా బావులూ చూసింది, మర్నాడు పక్క ఊళ్లవీ చూసింది. తిరిగి వచ్చే దారి పొడవునా సంచి ఆమె ఒళ్లో ఉంది. ఆమె వేళ్లు నన్ను సంచి మీదనుంచే పట్టుకుని ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఒక ప్రభుత్వ కార్యాలయం నుంచి సంఘానికి ప్రశ్న వచ్చింది. నూకవానిపాలెం దాపున రొయ్యలు శుద్ధి చేసే కర్మాగారాల వాడ ఒకటి పెడతారట. దానికి పెద్ద బోర్లు కావాలి. అక్కడి భూమిలో నీరు సరిపోతుందా? సంఘం సరిపోతుందంటే బోర్లు దిగుతాయి. కృష్ణమూర్తి దసరా లెక్కలన్నీ ముందు పెట్టుకుని, నిజాయితీగా, సరిపోతుందని ముసాయిదా రాశాడు. సభకు ముందు భానుమతి ఆయన ఇంటికి వెళ్లింది. సంచితో సహా.

"సార్, వేసవిలో ఆ బావుల్లోకి ఉప్పునీరు వస్తోంది. ఇప్పుడైతే వానలకి వెనక్కి పోతోంది. పెద్ద బోర్లు పెట్టి లాగితే ఇంక పోదు."

"ఒక్క వేసవి చూసి ఇన్నేళ్ల లెక్క తోసెయ్యమంటావా అమ్మా?"

"ఇన్నేళ్లదీ ఒక్క దసరా లెక్కే కదా సార్."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆ లెక్కలు ఆయన యౌవనం. కాసేపు కళ్లజోడు తుడుచుకుని, "సభలో చెప్పు. నిన్నెవరూ ఆపలేదే. నాదం ఆగేదాకా అందరికీ సమయం ఉంటుంది" అన్నాడు. అది ఆయన నిజంగా నమ్మిన మాట.

సభ జరిగింది. ముసాయిదా చదివారు. వెనక వరుసల్లో గుసగుసగా వేరే కబుర్లు. కృష్ణమూర్తి సుత్తి అందుకున్నాడు. నేను మోగాను.

ఎన్నో నాదాలు విడిచాను గాని అంత పొడుగైన దాన్ని నేనెరగను. భానుమతి నా పక్క కుర్చీలోనే ఉంది. ఆమె లేవాలనుకుంది, లేవలేదు. ఎదురుగా ఉన్నది అక్షరం అక్షరం దిద్ది తన సిద్ధాంత వ్యాసాన్ని ఒడ్డుకు చేర్చిన మనిషి. అందరి ముందూ ఆయన జీవితకాలపు లెక్క సగమే అని చెప్పాలి. చెప్పకపోతే ఒక ఊరు తాగే నీళ్లు పోతాయి. నా ఊపిరి సన్నబడుతోంది. ఉన్నట్టుండి ఒక అరచెయ్యి వచ్చి నా మీద పడింది. చెమటతో తడిసిన, వెచ్చని అరచెయ్యి. నాదం దాని కింద నలిగి ఆగిపోయింది.

సభ నిర్ఘాంతపోయింది.

"నాదం ఆగింది కదా. అయిపోయినట్టే" అన్నాడొకాయన.

"దానంతటది ఆగలేదు కదండీ. అమ్మగారు నొక్కేశారు" అన్నాడు పట్నాయక్ మాస్టారు. "ఇలాంటిది నిబంధనల్లో లేదు. సబ్‌కమిటీ వేద్దామా?"

ఎప్పటిలా నవ్వులు రాలేదు.

భానుమతి లేచింది. వేసవిలో తాను చూసినదంతా చెప్పింది. తర్వాత, "రీడింగు తియ్యని చోట మనం గడి ఖాళీగా వదిలేస్తాం. సున్నా రాయం, సగటు రాయం. మరి మనుషులు మాట్లాడకపోతే, ఒప్పుకున్నారని ఎలా రాస్తున్నాం? చేతులు ఎత్తించండి సార్" అంది.

సంఘం పుట్టాక తొలిసారి చేతులు లెక్కపెట్టారు. అభిప్రాయం పంపాలన్నవి కొన్ని చేతులు. వద్దన్నవి సరిగ్గా అన్నే, వాటిలో పట్నాయక్ మాస్టారి చెయ్యి ఒకటి. మిగిలిన చేతులన్నీ, సభలో చాలా భాగం, ఒళ్లోనే ఉన్నాయి. నా నాదం కింద ఇన్నేళ్లూ దాగి ఉన్నవి ఆ చేతులే. సమ్మతి అనుకున్నది సమ్మతీ కాదు, అభ్యంతరమూ కాదు. కృష్ణమూర్తి ఆ ఒళ్లోని చేతుల వైపు చాలాసేపు చూశాడు. తాను ఎవరి అధ్యక్షుడో ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది.

సమానంగా చీలితే అధ్యక్షుడి ఓటుతో తేలాలి. "ఒక్కరు చూసిన ఒక్క వేసవి నాకు చాలదు. నా కళ్లతో చూసిన లెక్కను నేను కాదనలేను" అని ఆయన ముసాయిదా పక్షాన ఓటేశాడు.

"ఓటు సంఘానిది సార్, తల వంచుతున్నాను" అంది భానుమతి. "సంతకం నాది. పెట్టలేను." సంచి తెచ్చి బల్ల మీద, నా పక్కన పెట్టింది. తన కుర్చీలోకి కాకుండా సభ్యుల వరుసలోకి వెళ్లి కూర్చుంది.

"సరే. కార్యదర్శిగా ఎవరు ముందుకొస్తారు?" అన్నాడు కృష్ణమూర్తి.

ఒకాయనకు బీపీ ఉందట. ఒకామె కూతురికి పరీక్షలట. ఒకాయన ఫోను సరిగ్గా అప్పుడే మోగింది. కృష్ణమూర్తి చెయ్యి అలవాటు కొద్దీ సుత్తి మీదికి వెళ్లి ఆగింది. నన్ను మోగించాలంటే ఒక పేరైనా ప్రతిపాదించాలి కదా. పేరు లేదు.

కార్యదర్శి లేని సంఘం నుంచి అభిప్రాయం బయటికి పోలేదు. ఎవరూ లేవకపోవడం వల్లే అన్ని తీర్మానాలూ నెగ్గిన చోట, ఎవరూ లేవకపోవడం వల్లే ఇది ఒక్కటీ నిలిచిపోయింది. న్యాయం గెలిచిందని నేననను. బద్ధకం ఈసారి మంచి వైపు పడింది, అంతే. రేపు ఎటు పడుతుందో ఎవరు చెప్పగలరు?

సంచి కృష్ణమూర్తి ఇంటికి వెళ్లింది. నన్ను టీవీ పక్కన పెట్టుకున్నాడు. కార్యాలయం వాళ్లు ఫోను చేసేవారు, ఈయన ఏదో సర్దిచెప్పేవాడు. ఆ దసరాకి జీపులు కట్టించేవాళ్లు లేక ఎవరూ బావుల దగ్గరికి వెళ్లలేదు. వేసవి వచ్చింది. కార్యాలయం వాళ్లు, ఇంక ఆగలేం, వేరేవాళ్లను అడుగుతాం అన్నారు. మర్నాడు ఆయన ఎవరికీ చెప్పకుండా, నొప్పి మోకాళ్లతో, సంచి పుచ్చుకుని బయలుదేరాడు.

నూకవానిపాలెం బావిలోకి టేపు దిగుతూనే పోయింది. ఆయన నీళ్లు పుక్కిట పట్టి చాలాసేపు అలాగే ఉంచుకున్నాడు. ఉమ్మడం ఆయనకు కష్టమైంది.

ఎర్రమ్మ గట్టు మీద కూర్చుని చూస్తోంది. "పోయినేడు ఓ అమ్మ వచ్చింది, సూసింది. ఇప్పుడు మీరొచ్చినారు, సూసినారు. ఇంకెంతమంది సూడాల బాబూ?"

ఆయన గట్టు మీద కూలబడి భానుమతికి ఫోను చేశాడు.

"నువ్వు సంతకం పెట్టకపోవడమే మంచిదైందమ్మా. ఇంటికెళ్లి ఆ కాగితం చింపేస్తాను. నువ్వు చెప్పినట్టు వేరేది రాసి పంపేద్దాం."

అవతల భానుమతి వెంటనే అడ్డుకుంది.

"చింపకండి సార్."

"అదేమిటి?"

"సభ ఓటేసిన కాగితం అది. సభ నోరు విప్పకుండా ఏదీ పోకూడదనే కదా నేను చేతులు ఎత్తించమన్నది. మీరొక్కరే చింపినా అంతే. మళ్లీ సభ పెట్టండి."

"ఈ ఎండల్లో ఎవరొస్తారమ్మా?"

"వచ్చినవాళ్లతోనే పెట్టండి."

ఆయనకు కోపం వచ్చింది, తన వైపు తిరిగినవాణ్ణి కూడా ఈమె వదిలిపెట్టదేమిటని. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బిందెలతో ఊరి ఆడవాళ్లు ఎదురుగా వస్తున్నారు, పైనూరి నుంచి.

సభ పెట్టారు. కొద్దిమందే వచ్చారు. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. కృష్ణమూర్తి నన్ను బల్ల మీద పెట్టాడు, సుత్తి తీసి తన జేబులో వేసుకున్నాడు. తాను చూసినది చెప్పాడు. "తప్పు లెక్క కాదు మనది, సగం లెక్క. పంపాలా వద్దా అన్నది ఇప్పుడు ఒక్కొక్కరూ లేచి చెప్పాలి. తెలీదు అన్నా సరే, అలాగే రాసుకుంటాను" అన్నాడు.

ఎవరూ లేవలేదు. నా నాదం ఈపాటికి ఆగిపోయి ఉండేది. ఆ నిశ్శబ్దానికి మాత్రం ముగింపు పలికేవాళ్లు లేరు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, కిందికి చూశారు, మళ్లీ చూసుకున్నారు. కృష్ణమూర్తి కదలకుండా నిలబడ్డాడు. భానుమతి కూడా లేవలేదు, తాను మొదట లేస్తే మిగతావాళ్లు తన వెనక దాక్కుంటారని.

వెనక వరుసలో కుర్చీ జరిగింది. పాలవలస జోగారావు, ఏ సభలోనూ నోరు విప్పని లెక్చరరు.

"పోయినేడు నేను చెయ్యి ఎత్తలేదండి. ఇటూ ఎత్తలేదు, అటూ ఎత్తలేదు. నాకు తెలీక. ఇవాళ అధ్యక్షులవారు చెప్పారని ఎత్తితే, అదీ తెలీకే ఎత్తినట్టు. నన్ను ఆ బావి దగ్గరికి తీసుకెళ్తే చూసి చెప్తాను."

"ఇప్పుడా?" అన్నారెవరో.

"ఇప్పుడు కాకపోతే మళ్లీ దసరాకే కదండీ."

పట్నాయక్ మాస్టారు చొక్కా పట్టి లాగలేదు. తనే మోకాలు పట్టుకుని లేచాడు. "నేనూ వస్తానయ్యా. ముందు సీటు నాది" అన్నాడు. భానుమతి సంచిలోంచి టేపు తీసుకుని తలుపు వైపు నడిచింది. మరికొన్ని కుర్చీలు జరిగాయి. సభ ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. తీర్మానం రాయలేదు. ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. కారు తలుపులు వేసుకున్న చప్పుళ్లు వినిపించాయి.

హాలులో నేనొక్కదాన్నే మిగిలాను. ఎంతమంది నూకవానిపాలెం వైపు వెళ్లారో, ఎంతమంది ఇంటి వైపు తిరిగారో మీకు తెలుసుకోవాలని ఉంటుంది. నాకూ ఉంది. కానీ కిటికీ నా వెనక వైపు ఉంది. నేను చూడలేదు. అందుచేత చెప్పను.